తడిబట్టలు అనే బ్యాండు

మా అక్క పెట్టిన రాక్ బ్యాండు పదకొండు నెలలు బతికింది. దాని పేరు ‘తడిబట్టలు’. నవ్వదలచినవాళ్లు ఇక్కడే నవ్వేసుకోండి, తర్వాత అంత తీరిక ఉండదు.

అక్కది లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర పని. ఆవిరి బుస్సుమంటుంటే దాని మీదుగా గొంతెత్తి పాడడం ఆవిడకి అలవాటు. మా బావ అదే లాండ్రీలో బండి నడుపుతాడు, బ్యాండులో డ్రమ్ములు ఆయనవి. గిటారు లెక్కల మాస్టారిది. చొక్కాలు వేయడానికొచ్చి, అక్క పాట విని, రసీదు తీసుకోవడం కూడా మరిచిపోయి ఇంటికెళ్లి గిటారు పట్టుకొచ్చాడు. వైర్లు మోసేదాన్ని నేను. నన్ను మేనేజరు అనేవాళ్లు. మోసేవాళ్లకు ఆపాటి మర్యాదైనా ఉండాలి కదా.

ప్రాక్టీసు ఆదివారం మధ్యాహ్నాలు లాండ్రీలోనే. యజమాని ఒక్కటే షరతు పెట్టాడు. ఆసుపత్రి దుప్పట్లు సోమవారం పొద్దుటికల్లా ఆరిపోవాలి. అందుకని వీళ్లు వాయిస్తున్నంతసేపూ మూలనున్న పెద్ద ఆరబెట్టే మిషను తిరుగుతూనే ఉండేది. దాని బేరింగు అరిగిపోయి, చుట్టు తిరిగిన ప్రతిసారీ దబ్బుమనేది. మొదట్లో విసుక్కున్నాం. తర్వాత అది ఉందన్న సంగతే మరిచిపోయాం. బయట ఎక్కడా వాయించింది లేదు. పిలిచినవాళ్లుంటేగా!

పదో నెలలో అక్క మెడలో గడ్డ కనిపించింది. ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టరు. గొంతు నరం దాన్ని ఆనుకునే ఉందట, మాటకి ఢోకా లేదుగానీ పాట సంగతి చెప్పలేనన్నాడు. అక్క ఏడవలేదు. ఆపరేషన్ ఏ రోజో కనుక్కుని, దానికి ముందు శనివారం స్టూడియో మూడు గంటలు మాట్లాడి పెట్టమని నాకు పురమాయించింది. తను రాసుకున్న పాట ఒక్కటంటే ఒక్కటి ఈ గొంతుతో ఉండిపోవాలంది.

స్టూడియో గోడలకు మెత్తలు. తలుపేస్తే మన ఊపిరి మనకే వినిపించేంత నిశ్శబ్దం. బావ కర్రలు తాటించి మొదలెట్టాడు. పాట నాలుగు వాక్యాలు సాగకముందే ముగ్గురూ మూడు దారులు పట్టారు. మళ్లీ మొదలెట్టారు, మళ్లీ అంతే. బావ పరుగెత్తుతాడు, మాస్టారు వెనకబడతాడు, అక్క ఇద్దరికోసం ఆగుతుంది. బావకి లెక్క తెలియడం లేదన్నాడు మాస్టారు. ఊళ్లో పిల్లలందరికీ లెక్కలు చెప్పే మనిషికి నాలుగు దాకా ఎంచడం రాదా అన్నాడు బావ. రెండు గంటలు గాలికి పోయాయి.

నాకు అప్పుడు వెలిగింది. ఇన్నాళ్లూ మా బ్యాండుకి తాళం వేసింది బావ కాదు, అరిగిపోయిన బేరింగు! ఆ మాట మనసులో పెట్టుకోవచ్చు కదా, పైకి అనేశాను. నా నోరు అలాంటిది. బావ మొహం నల్లబడింది, కర్రలు కిందపెట్టాడు. మాస్టారు గిటారు సంచిలో సర్దుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

అక్క మమ్మల్నిద్దర్నీ బయటికి పొమ్మంది. మిగిలిన గంటలో ఒక్కతే, వట్టి గొంతుతో, పాట మొత్తం పాడింది. అద్దం ఇవతల నిలబడి విన్నాం. బావ ఒక్కసారి కూడా తలెత్తలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ పోయింది, పాటా పోయింది. మిగిలిన గొంతు గుసగుసకి కాస్త పైన, మామూలు మాటకి కాస్త కింద ఉంటుంది. మాస్టారు వేరే లాండ్రీ చూసుకున్నాడు. బావ డ్రమ్ముల మీద గుడ్డ కప్పేశాడు. అక్క దగ్గర ఆ శనివారం ఊసెత్తడానికి నోరు రాక, ఇంట్లో గిన్నెలన్నీ తనే తోమడం మొదలెట్టాడు. తళతళలాడే ఆ గిన్నెల్ని చూస్తే నాకు ఒళ్లు మండేది, వెంటనే జాలేసేది.

మూడు నెలలకి, ఒక ఆదివారం నేనూ అక్కడే భోంచేశాను. ఎంగిలి కంచాలు తీశాక అక్క ఫోను బల్ల మీద పెట్టి ఆ పాట వేసింది. ఆపరేషన్ తర్వాత అది వినడం అదే మొదటిసారి. బావ గబుక్కున లేవబోయాడు. అక్క చెయ్యిపట్టి కూర్చోబెట్టి, ఆయన వేళ్లు బల్ల అంచు మీద ఆనించింది.

“కొట్టండి,” అంది ఆ బొంగురు గొంతుతో. “ఆ రోజు మీకోసం ఆగాను. ఇందులో ఉన్నది ఆగదు. మీరే అందుకోవాలి.”

బావ కళ్లు తుడుచుకుని కొట్టాడు. పాట చివరిదాకా వచ్చినా అందుకోలేకపోయాడు. అక్క మళ్లీ మొదటినుంచి వేసింది.