ముక్కు నెత్తిన ఉంది

నాకు నోరెక్కువని మా ఇంట్లో అందరి అభిప్రాయం. గుడివాడ స్కూల్లో జీవశాస్త్రం చెప్పి చెప్పి గొంతు పెరిగింది. తగ్గించుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ రోజు దివిసీమలో సముద్రపొడ్డున ఆ నోరే పనికొచ్చింది.

సెలవులకు కోడూరులో అక్క వాళ్లింటికి వెళ్లాను. పొద్దున్నే టిఫిన్ తింటుంటే బావగారు ఫోన్ చూపించారు. "కొట్టుకొచ్చిన భారీ చేప" అని ఎవరో వీడియో పెట్టారు.

"చేప కాదు బావగారూ, తిమింగలం. కొట్టుకురావడానికి అదేమన్నా దుంగా? బతికే ఉంది, చూడండి, ఊపిరి వదులుతోంది," అన్నాను. ఆయన ఇడ్లీ సగంలో వదిలేసి బండి తీశారు.

వెళ్లేసరికి ఒడ్డంతా తిరనాళ్లలా ఉంది. ఇసుకలో బోర్లా పడి ఉంది ఆ జీవి. ఇంకా ఎదిగే వయసుదే అయినా బస్సంత పొడుగు, తల నా ఛాతీ దాకా వచ్చింది. కుడి దవడ తెలుపు, ఎడమ దవడ నలుపు. దవడలు చెరో రంగులో ఉంటే అది ఫిన్ తిమింగలమని, అవి అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయని బొమ్మ చూపించి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. కళ్లారా చూస్తానని మాత్రం అనుకోలేదు.

అంతలో ఆడవాళ్లు బిందెలతో పసుపు నీళ్లు తెచ్చి దాని నెత్తిన పోయడం చూశాను. గంగమ్మ తల్లి ఒడ్డుకొచ్చిందని అభిషేకం. పోసినప్పుడల్లా ఆ జీవి ఒళ్లంతా అదురుతోంది. తిమింగలానికి ముక్కు నెత్తి మీదే ఉంటుంది. వీళ్లు భక్తిగా దాని ముక్కులో నీళ్లు పోస్తున్నారు!

గుంపును తోసుకుంటూ వెళ్లి తలకు అడ్డంగా నిలబడ్డాను. "నెత్తిన పోయొద్దు!" అని అరిచాను.

అందరికంటే ముందున్న పెద్దామె బిందె దించలేదు. "తల్లికి నీళ్లు పోయొద్దనడానికి నువ్వెవరమ్మా? ఏ ఊరు మీది?"

"గుడివాడ. మీ తల్లికి ముక్కు నెత్తిన ఉంది పెద్దమ్మా. మీరు పోసే నీళ్లు ముక్కులోకి పోతున్నాయి. పోసి తీరతానంటే ముందు నా నెత్తిన పొయ్యండి."

నిజంగానే పోసింది. బిందెడు నీళ్లూ కళ్లజోడుతో సహా నన్ను తడిపేశాయి. జనం నవ్వారు. "ఇక పదమ్మా, నలుగురిలో ఏంటిది," అన్నారు బావగారు. కోపంతో నా ఒళ్లు మండిపోయింది. ఇసుకలో కాళ్లు పాతి, దగ్గుకుంటూ అక్కడే నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడే నా వెనక తిమింగలం ఊపిరి వదిలింది. నెత్తి మీది రెండు రంధ్రాలూ తెరుచుకుని, తుంపర ఎగిరి పెద్దామె ముఖాన పడింది. ఆమె ఖాళీ బిందె చంకనెత్తుకుని ఆ రంధ్రాలనే చూస్తూ ఉండిపోయింది.

"అయ్యో, ముక్కే," అంది. తర్వాత వెనక్కి తిరిగి నాకంటే గట్టిగా అరిచింది. "వీపు మీద పొయ్యండే! నెత్తి జోలికెళ్లారంటే ఊరుకోను!"

ఇక ఆ పూటంతా తడి చీరలు వీపున కప్పడం, వాటి మీద నీళ్లు పోయడం. తోకకు తాడు కట్టి పడవతో లాగుతామన్న వాళ్లతో మళ్లీ పోట్లాడాను. వెన్ను విరుగుతుందని చెబితే తిట్టుకుంటూ తాడు చుట్టేశారు. ఫోన్ చేస్తే అటవీ శాఖ వాళ్లు బయల్దేరామన్నారు. ఈలోగా సముద్రానికి పోటు వస్తే తేలుతుందని మా ఆశ.

పోటు వచ్చింది గానీ ఆ నీళ్లు చాలలేదు. నీళ్లలో తేలాల్సిన ఒళ్లు ఇసుక మీద తన బరువుతో తన ఊపిరితిత్తులనే నలిపేసుకుంటుంది. పొద్దు వాలేవేళ, అటవీ శాఖ వాళ్లు ఇంకా రాకముందే, ఆ రంధ్రాలు మూసుకున్నాయి. మళ్లీ తెరుచుకోలేదు. అందరి ముందూ ఏడ్చాను, నాకేం సిగ్గనిపించలేదు.

"ఇంత గొడవపడి ఏం లాభమమ్మా, పోయిందిగా," అన్నారు బావగారు.

"పోయింది. మన వల్ల పోలేదు," అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. రేపు ఇంకోటి ఒడ్డెక్కినా వెళ్లి అడ్డంగా నిలబడతాను.

పెద్దామె పసుపూ కుంకుమా తెచ్చింది. నుదురెక్కడో తెలియక తడిమి చూసి, కంటికి పైన బొట్టు పెట్టింది. చివరిగా ఒక చెంబుడు నీళ్లు తల మీద పోస్తూ, రెండో చెయ్యి ఆ రంధ్రాలకు అడ్డం పెట్టింది.

వీడియో తీస్తున్న ఒకాయన నవ్వాడు. "చచ్చిపోయాక కూడా ఆ జాగ్రత్తేంటి మామ్మా?"

ఆమె చెయ్యి తియ్యలేదు.

"నోర్ముయ్యరా. ముక్కది," అంది.