దుర్భిణికి తలంటు

నా చిన్నప్పుడు మా నాన్న బందరు రేవులో లాంచీ నడిపేవారు. దూరంగా సముద్రంలో ఆగిన ఓడల దగ్గరికి సరుకు పడవలను లాక్కెళ్ళే లాంచీ అది. పొగమంచులో ఓడ జాడ వెతకడానికి యజమాని ఒక దుర్భిణి కొనిచ్చారు. పని అయ్యాక నాన్న దాన్ని తోలుపెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చి, మా నడవలో మేకుకు తగిలించేవారు.

పడవల వాళ్ళలో ఒకాయన్ని నేను మావయ్యా అని పిలిచేదాన్ని. చుట్టమేమీ కాదు. హంసలదీవి నుంచి వచ్చి రేవులో స్థిరపడ్డ పెద్దమనిషి. ఆయన నోట సూటిమాట వచ్చేది కాదు. ఒకరోజు టీకొట్టు దగ్గర పడవల వాళ్ళంతా దుర్భిణిని ఎలా చూసుకోవాలో చెప్పుకుంటూ హాస్యాలాడుతున్నారు. దిష్టి తియ్యాలని ఒకరు, కాటుక పెట్టాలని ఇంకొకరు. మావయ్య మాత్రం నవ్వకుండా నా వైపు తిరిగి, "ఉప్పుగాలికి దాని కళ్ళు ఎండిపోతాయమ్మాయ్. శనివారం శనివారం ఆముదం రాసి తలంటాలి. పాపం, మీ నాన్నకి తీరికేదీ" అన్నాడు.

ఆయన నవ్వలేదు కాబట్టి నేను నమ్మాను. ఆ శనివారం అద్దాలకు ఆముదం పట్టించి, కుంకుడు రసంతో రుద్ది, చెంబెడు నీళ్ళు పోసి, శుభ్రంగా తుడిచి పెట్టెలో పెట్టాను. మర్నాడు నాన్న కంటికి ఆనించి చూస్తే లోపలంతా ఆవిరి. సంగతి తెలిసి రేవు రేవంతా కడుపుబ్బ నవ్వింది. నాన్న నవ్వలేదు. ఇంకో ఎనిమిది రోజుల్లో, సోమవారం నాడు, లాంచీ చూడడానికి యజమాని గుడివాడ నుంచి వస్తున్నారు. ఆయనకు కోపం వస్తే లాంచీ ఇంకొకరి చేతిలో పెడతారు. దుర్భిణిని ఎవరూ ముట్టుకోవద్దని నాన్న గట్టిగా చెప్పారు.

అప్పటినుంచి నాకు అందరి మీదా అనుమానమే. పాలావిడ పాలు చిక్కగా ఉన్నాయంటే గిన్నె ఒంచి చూసేదాన్ని. మంగళవారం మావయ్య మా గుమ్మంలో నిలబడి, "దానికి జలుబు చేసిందండీ. వేయించి చల్లార్చిన బియ్యంలో మూణ్ణాలుగు రోజులు పడుకోబెట్టండి" అన్నప్పుడు ఆయన మొహం మీదే తలుపు వేసేశాను. నాన్న కూడా లేచి తలుపు తియ్యలేదు.

గురువారం సాయంత్రం అమ్మ నూతి దగ్గర ఉన్నప్పుడు మావయ్య మా ఇంట్లోంచి రావడం వీధి చివర నుంచి చూశాను. కండువా కింద ఏదో ఉంది. శుక్రవారం పొద్దున నాన్న పెట్టె తీస్తే ఖాళీ. నేను రేవుకు బయల్దేరిన నాన్న వెంట టీకొట్టు దాకా పరుగెత్తి, అందరి ముందూ మావయ్యను వేలెత్తి చూపించాను. "ఈయనే దొంగతనం చేశాడు. అమ్ముకోవడానికే."

ఎవరూ నవ్వలేదు. మావయ్య లేచి, రమ్మన్నట్టు తలూపి ముందు నడిచాడు. ఆయన ఇంట్లో మూల ఒక డబ్బా ఉంది. మూత తీస్తే వేయించిన బియ్యం, ఆ ఇంటికి వారానికి సరిపడేంత. అందులో గుడ్డ చుట్టిన దుర్భిణి. ఆవిరి సగం విడిచింది.

"ఇది నా నోటి వల్ల పాడైంది. అడిగితే ఇచ్చేవాళ్ళా మీరు? ఈ నోరు చెబితే ఎవరు నమ్ముతారమ్మాయ్" అన్నాడు మావయ్య.

నాన్న దుర్భిణిని మళ్ళీ బియ్యంలో పెట్టి, తన చేత్తోనే మూత బిగించారు. సోమవారం యజమాని దానితో ఓడ వైపు చూసి, తలాడించి నాన్న చేతికిచ్చారు. లాంచీ మాకు నిలిచింది. నాకు మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మావయ్య నన్నెప్పుడూ ఏమీ అనలేదు. కానీ మిగతా వాళ్ళతో వేళాకోళాలాడుతూ, నేను వస్తే మాత్రం ఆపేసేవాడు. ఓసారి, ఆయన మళ్ళీ ఒక అబద్ధం చెబితే బాగుండునని ఆశపడి, "మావయ్యా, దుర్భిణికి ఇంకేం చెయ్యాలి?" అని అడిగాను.

"మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలమ్మా" అన్నాడు.

ఈ వయసులో కళ్ళద్దాలు తుడుచుకుంటుంటే ఆ జవాబే వినిపిస్తుంది. అనుమానం నాకు ఇప్పటికీ పోలేదు. అయితే ఎవరి మీదైనా కలిగితే, నలుగురిలో అనే ముందు ఒక్కరోజు ఆగుతాను. ఆ ఒక్కరోజు నేను మావయ్యకు ఇవ్వలేదు.