రోడ్డు బుట్టలు

పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు లక్ష్మీకాంతమ్మ చేసుకునే పని ఒకటుంది. కొబ్బరినూనెలో వేలు ముంచి, చెవి తమ్మెను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుని మెల్లగా రుద్దుకుంటుంది. ముందు ఎడమది, తర్వాత కుడిది. కుట్లు వేసిన చోట సన్నని గీత ఒకటి వేలికి తగులుతుంది, కంటికి మాత్రం ఆనదు. రుద్దుకుంటూ కూనిరాగం తీస్తుంది. రాగం బాగా కుదిరిన రోజు పాలు పొంగి పొయ్యి మీద పడతాయి. కోడలు తృప్తి పరుగెత్తుకొచ్చి, "అత్తమ్మా, చెవులు బాగైనయ్ గని ముక్కు పనిచేస్తలేదా? మాడు వాసన వీధి దాక పోయింది" అంటుంది.

ఆమెకు అరవై దాటాయి. శామీర్‌పేటలో పాత ఊరి వైపు వాళ్ళ ఇల్లు. భర్త సిద్దయ్యకు ఒకప్పుడు ఊరి చివర ఎర్రనేల చెల్క ఉండేది. వానలు పడితే జొన్న, కంది వేసేవారు. ఔటర్ రింగు రోడ్డు వచ్చినప్పుడు ఆ చెల్క మొత్తం దాని కిందికి పోయింది. వచ్చిన పరిహారంతో సిద్దయ్య ఇంటి మీద రెండంతస్తులు లేపి అద్దెకిచ్చాడు. మిగిలినదాంతో మేడ్చల్‌లో అవుసలాయన దగ్గర కూర్చుని భార్య చెవులకు బంగారు బుట్టలు చేయించాడు. పిందె జామకాయంత ఒక్కొక్కటి. అంత బరువెందుకని అవుసలాయనే అడిగితే, "ఇండ్లు ఎవలన్న కట్టుకుంటరు. నా చెల్క యాడికి పోయిందో జనానికి కనవడాలె గద" అన్నాడట.

జనానికి కనబడింది. ఊళ్ళో వాటికి రోడ్డు బుట్టలు అని పేరు పెట్టేశారు.

లక్ష్మీకాంతమ్మకూ అవంటే గర్వంగానే ఉండేది. ఆమె పాడుతుంది. శామీర్‌పేట నుంచి కీసర దాకా తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో ఎక్కడ పెళ్ళయినా, నలుగు పెట్టేటప్పుడు పెళ్ళికొడుకు పక్కన పీట వేసి ఆమెను కూర్చోబెట్టేవారు. తల ఊపుతూ పాడుతుంటే బుట్టలు చెంపలకు కొట్టుకుంటూ ఊగేవి. బరువు తగ్గడానికి మొదట్లో చెంపసరాలు పెట్టి జుట్టుకు తగిలించేది. వయసుతోపాటు జుట్టు పలచబడింది, సరాలు నిలవడం మానేశాయి. బరువంతా తమ్మెల మీదే పడింది. బుట్టలు లేకుండా గడప దాటితే సిద్దయ్య ముఖం ముడుచుకునేవాడు. కాబట్టి సంతకు కూడా అవే పెట్టుకుని వెళ్ళేది.

ఎడమ చెవి మనవరాలు అశ్రిత చంటిపిల్లగా ఉన్నప్పుడు తెగింది. ఒళ్ళో కూర్చుని బుట్ట పట్టుకుని ఒక్క గుంజు గుంజింది పిల్ల. కుడి చెవి అంత హడావిడి చేయలేదు. రంధ్రం సాగి సాగి గీతలా మారి, ఓ పొద్దున బియ్యం చెరుగుతుంటే బుట్ట చాటలో పడింది. నొప్పి కూడా తెలియలేదు. "రాయి పడ్డదనుకొని ఏరి అవతల పారేయబోయిన" అని ఇప్పుడు చెప్పి నవ్వుతుంది.

అప్పుడు నవ్వలేదు. ఆ తర్వాత జరిగిన ఒక పెళ్ళిలో, కొంగు తల మీదుగా కప్పుకుని పాడుతుండగా మంచి ఊపులో కొంగు జారింది. ముందు వరుసలో ఉన్న ఒక పిల్ల గట్టిగా అంది: "అవ్వ చెవులు సూడుండ్రి, పాము నాలుక లెక్క ఉన్నయ్!"

పాట చరణం మధ్యలో ఆగింది. కొంగు సర్దుకుని లేచి, చేతికి పసుపు అంటుకుని ఉండగానే ఇంటికి వచ్చేసింది. ఇక పాడలేదు. పెళ్ళిపత్రిక వస్తే మోకాళ్ళు నొప్పులనేది, లేకపోతే జలుబనేది. నడివేసవిలో కూడా కొంగు కప్పుకునే ఉండేది. ఏదైనా మొక్కుందేమో అనుకున్నారు వీధివాళ్ళు. రెండు మూడేళ్ళకు పిలవడం కూడా తగ్గింది. నలుగుల దగ్గర పెద్ద పెట్టెల్లో పాటలు పెట్టడం మొదలైంది. ఆ శబ్దం ఇంట్లోకి వినబడితే లక్ష్మీకాంతమ్మ కిటికీ వేసుకునేది.

నిరుడు శ్రావణంలో ఆమె చెల్లెలు కామేశ్వరమ్మ కీసర నుంచి వచ్చింది. కొడుకు అన్వేష్‌కు సంబంధం కుదిరింది. వారంలో ఎంగేజ్‌మెంట్, మాఘంలో పెళ్ళి.

"అక్కా, నీ మోకాళ్ళ ముచ్చట నాకు జెప్పకు. నలుగుకాడ నువ్వు పాడకుంటే నేను పసుపు గూడ కలప" అంది చెల్లెలు.

"నా గొంతు పోయిందే."

"గొంతు పోలేదు. చెవులు పోయినయ్. నాకు ఎర్కలేదా?"

లక్ష్మీకాంతమ్మ కొంగు కొంచెం ముందుకు లాక్కుంది.

ఎంగేజ్‌మెంట్ రోజు పొద్దున ఆమె తలుపు వేసుకుని, చెప్పులు అతికించే జిగురు తీసి తమ్మెల చీలికలకు రాసి, ఊపిరి బిగబట్టి నొక్కిపట్టుకుంది. అతుక్కున్నాయి. బుట్టలు తగిలించి అద్దంలో చూసుకుంది. కొంగు లేకుండా బయటికొచ్చిన ఆమెను చూసి సిద్దయ్య మురిసిపోయి, ఎలా అతికాయని కూడా అడగలేదు. కారు కీసర చేరేలోపే చెమటకు జిగురు ఊడి, దాంతోపాటు చర్మం లేచింది. రుమాలు అద్దుకుని అదే కారులో వెనక్కి తిరిగారు. మూడో రోజుకు చెవులు రెండూ ఎర్రగా వాచి, ముట్టుకోనివ్వలేదు.

"ఇగ నడు అత్తమ్మా, మేడ్చల్‌ల చర్మం డాక్టరుంది" అంది తృప్తి.

సిద్దయ్య కుర్చీలోంచే అన్నాడు: "వాపుకు మందు తెచ్చుకోండ్రి, సాలు. కోసుడు, కుట్టుడు ఎందుకు? ఈ వయసుల సోకులా?"

తృప్తి వెనక్కి తిరిగింది. "మామా, నీ మీసాలకు నెలనెల రంగెవలు ఏస్తుండ్రు? పక్కింటోళ్ళా?"

సిద్దయ్య మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. కారు మాత్రం ఆయనే తీశాడు.

మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద టిఫిన్ సెంటర్ పైన ఆ క్లినిక్. కింద దోసె వాసన, పైన మందుల వాసన. గోడల నిండా మెరిసే ముఖాల బొమ్మలు. మెట్ల దగ్గర ఆగిపోయిన లక్ష్మీకాంతమ్మను తృప్తి చెయ్యి పట్టుకుని ఎక్కించింది. డాక్టరు పేరు జోయా, వయసులో చిన్నదే. కొంగు తీయించి చూసింది.

"ఏం పెట్టిండ్రమ్మా దీనికి?"

"జిగురు."

"ఏం జిగురు?"

"చెప్పులకు ఏసేది" అంది తృప్తి నవ్వు ఆపుకుంటూ.

డాక్టరు పెదవి బిగించింది. "చెప్పులకు మంచిగ అతికిందా?"

"మస్తు అతికింది బిడ్డా. ఇప్పటికీ నడుస్తున్నయ్" అంది లక్ష్మీకాంతమ్మ.

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు తర్వాత డాక్టరు విషయం చెప్పింది. చీలిక అంచులు ఎప్పుడో మానిపోయాయి. మానిన చర్మం మానిన చర్మానికి ఏం చేసినా అతకదు. అంచులను సన్నగా కోసి పచ్చి చేసి, అప్పుడు కుట్టాలి.

"అంటు మామిడి లెక్కనా? బెరడు గీరినంకనే కడ్తరు."

"గంతే అమ్మా. ఆ చెట్టుకు మత్తు సూది ఇయ్యరు, మీకిస్తం."

లక్ష్మీకాంతమ్మ గోడ మీది బొమ్మల వంక చూసింది. "ఈ వయసుల ఇదేం పిచ్చి అని నువ్వు గూడ అనుకుంటున్నవా బిడ్డా?"

"వయసు షుగర్ ఉందో లేదో చూడనీకి అడుగుతమమ్మా, సిగ్గుపడనీకి కాదు" అంది జోయా.

మాటల్లో ఆమె ట్రాక్టర్లు బాగుచేసే ముర్తుజా కూతురని తెలిసింది. సిద్దయ్య ట్రాక్టరు ఎన్నోసార్లు ఆయన షెడ్డులో పడి ఉండేది. "మీ నాయిన మా బండి బాగుచేస్తే మళ్ళ ఆగేది. నువ్వట్ల చెయ్యకు" అంది లక్ష్మీకాంతమ్మ. ఆ మాటతో ఆమె భయం సగం పోయింది.

వాపు తగ్గడానికి ముందు మాత్రలు వాడింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కుట్లు. ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు. సూది చీమ కుట్టినట్టు ఉందంది, తర్వాత చెవి ఉన్నట్టే తెలియలేదంది. కత్తెర చప్పుడు మాత్రం దగ్గరగా వినబడింది.

"భయమైతే పాడుకోండమ్మా, తల ఊపొద్దు గంతే" అంది డాక్టరు.

"తల ఊపకుండ పాటెట్ల వస్తది?" అని, లక్ష్మీకాంతమ్మ లోపల్లోపలే పాడుకుంది.

గంట కూడా పట్టలేదు. అంతసేపూ కింద టిఫిన్ సెంటర్‌లో టీ మీద టీ తాగిన సిద్దయ్య పైకొచ్చాడు. భార్య చెవుల మీద తెల్లటి కట్లు చూశాడు. ఆయన అడిగింది ఒక్కటే.

"బుట్టలు ఎప్పుడు పెట్టొచ్చు డాక్టరమ్మా?"

"పెట్టొద్దు చాచా."

"అదే, ఎన్ని రోజులు?"

"మూడు నెలలాగి కుట్టు పక్కన చిన్న రంధ్రం పెడత. సన్నకమ్మలు పెట్టుకోవచ్చు. బుట్టలు మాత్రం ఇగ ఎన్నడూ వద్దు. ఇంకోసారి తెగితే కుట్టనీకి తమ్మె మిగలదు."

తిరుగు ప్రయాణంలో శామీర్‌పేట దగ్గర పడ్డాక సిద్దయ్య, "బుట్టలు లేకుండ పెండ్లికి పోతే ఏమంటరో ఎర్కనా? సిద్దయ్య చెల్క పైసలు ఊడ్చుకతిన్నడు, ఆఖరికి పెండ్లాం చెవులు గూడ అమ్ముకున్నడు అంటరు" అన్నాడు. కట్ల వల్ల సరిగా వినబడలేదని లక్ష్మీకాంతమ్మ అంది. వినబడిందని తృప్తికి తెలుసు.

కుట్లు తీశారు. తమ్మెలు కొత్తగా, కొంచెం పొట్టిగా, రంధ్రం లేకుండా చిన్నపిల్ల చెవుల్లా ఉన్నాయి. మొదటిసారి కొంగు తీసి వాకిట్లో ముగ్గు వేసిన రోజు ఆమె ముఖం ఎర్రబడింది. ఎదురింటి వాళ్ళెవరూ ఏమీ అనలేదు. ఒకావిడ మాత్రం, "సన్నగైనవేందే?" అని అడిగి పోయింది. పుష్యంలో మళ్ళీ రంధ్రాలు పెట్టించుకుని, ఎర్రరాయి సన్నకమ్మలు వేసుకుంది.

పెళ్ళి గుండ్లపోచంపల్లి దగ్గర ఫంక్షన్ హాలులో. బయల్దేరేముందు సిద్దయ్య బీరువా తెరిచి, బ్యాంకు లాకరు నుంచి ముందురోజే తెచ్చిపెట్టిన డబ్బా భార్య చేతిలో పెట్టాడు.

"ఒక్క గంట. నలుగు అయ్యేదాక. ఆ డాక్టరు పిల్లకు పెండ్లిళ్ళ సంగతేం ఎర్క?"

లక్ష్మీకాంతమ్మ డబ్బా తెరిచి చూసింది. బుట్టల్ని అరచేతిలో తూచినట్టు ఎత్తి పట్టుకుంది. మళ్ళీ డబ్బాలో పెట్టి మూత వేసి, ఆయన జేబులో పెట్టింది.

"చెల్క నీది. రోడ్డుకు నువ్వే ఇచ్చినవ్. చెవులు నావి. ఇన్నేండ్లు మోసిన, ఇగ మొయ్య."

దారి పొడుగునా సిద్దయ్య జేబులో డబ్బా ఎత్తుగా కనబడుతూనే ఉంది.

హాలులో అన్వేష్‌ను పీట మీద కూర్చోబెట్టారు. లక్ష్మీకాంతమ్మ పక్కన కూర్చుంది, కొంగు భుజం మీదే ఉంది. పసుపు గిన్నె అందుకోబోతుంటే, అన్వేష్ మేనత్త అందరికీ వినబడేలా అడిగింది.

"ఏం వదినా, రోడ్డు బుట్టలేవి? మా సిద్దయ్యన్న అమ్ముకున్నడా ఏంది?"

ఆడవాళ్ళ చూపులన్నీ ఒక్కసారి ఆ చెవుల మీదికి తిరిగాయి. తలుపు దగ్గర మగవాళ్ళతో నిలబడ్డ సిద్దయ్య తల దించుకున్నాడు. కామేశ్వరమ్మ అక్క భుజం మీద చెయ్యి వేసింది, లేచిపోతుందేమోనని. లక్ష్మీకాంతమ్మ చెయ్యి నిజంగానే కొంగు వైపు వెళ్ళింది. సగం దాకా వెళ్ళి, దిగి, పసుపు గిన్నెలో మునిగింది. అన్వేష్ చెంపకు పసుపు పూస్తూ పాట ఎత్తుకుంది.

"చెల్క పోయి రోడ్డు వచ్చె, ఓ వదినెలారా
రోడ్డు వచ్చి బుట్టలొచ్చె, ఓ వదినెలారా
బుట్టలొచ్చి తమ్మె తెగె, ఓ వదినెలారా
తమ్మె కుట్టి పాట వచ్చె, ఓ వదినెలారా!"

మొదటి పాదానికి ఎవరూ గొంతు కలపలేదు. మూడో పాదానికి ఎవరో పకపకా నవ్వారు. నాలుగోదానికి మేనత్తతో సహా అందరూ "ఓ వదినెలారా" అని అందుకున్నారు. లక్ష్మీకాంతమ్మ తల ఊపుతూ మేనత్త మీద ఒక చరణం, పెళ్ళికొడుకు మీద ఒకటి, టీల మీద టీలు తాగే మొగుళ్ళ మీద ఒకటి అప్పటికప్పుడు కట్టింది. పాటల పెట్టెల దగ్గరున్న మనిషి తన తీగలు పీకేసి వచ్చి కూర్చున్నాడు.

తలుపు దగ్గర ఎవరో సిద్దయ్య జేబు తట్టి, "ఏందన్నా ఇది, ఇంత ఎత్తుగుంది?" అన్నారు.

సిద్దయ్య డబ్బా తీసి, మూత తెరిచి చూపించాడు. "ఇగో, ఉన్నయ్. అమ్మలే."

"మరి వదిన పెట్టుకోలే?"

"పెట్టుకుంటే పాట రాదంట" అన్నాడు. అలా అన్నప్పుడు ఆయన కూడా కొంచెం నవ్వాడని తృప్తి చెబుతుంది. ఆ పక్కనున్నాయన, "అయితె నువ్వే పెట్టుకో, మీసాల రంగుకు మస్తు మ్యాచింగ్" అన్నాడట.

ఆ వారమే సిద్దయ్య డబ్బాను మళ్ళీ లాకరులో పెట్టి వచ్చాడు. పిలుపులు కూడా మొదలయ్యాయి. ఇప్పుడు ఫోన్లు చాలావరకు ఆయనకే వస్తాయి. తేదీ, ఊరు కనుక్కుని, పెళ్ళివాళ్ళు కారు పంపుతారా అని అడిగి, భార్యకు చెబుతాడు. నిన్న మేడ్చల్‌లో ఒక నలుగు, దానికి ముందురోజు జవహర్‌నగర్‌లో ఒకటి. లక్ష్మీకాంతమ్మకు ఇవాళ గొంతు పూర్తిగా పోయింది. మిరియాల పాలు తాగుతూ, ఎవరేమడిగినా చేతులతోనే జవాబు చెబుతోంది.