పచ్చని గోళ్లు

మియాపూర్‌లో బస్సెక్కితే, నా పక్క సీటు పిల్ల గోళ్లు పసుపుపచ్చగా కనిపించాయి. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతోంది.

"పెండ్లి కుదిరిందా, బిడ్డా?" అన్నాను.

"పెండ్లి గాదు. పసుపులోంచి తీసిన మందు చేతుల మీద ఒలికింది," అంది చిరాగ్గా. గాజు గిన్నెల్లో పేగు క్యాన్సర్ కణాలు పెంచి, వాటి మీద ఆ మందు పోసి చూడడం ఆమె పనట. పోస్తే, కణాన్ని పెరగమని చెప్పే జన్యువులు కొన్ని నోరు మూసుకుంటాయట.

నాకు గర్వం ఆగలేదు. "మా ముసలాయనకు అదే రోగం. రెండు నెలల సంది మాత్రలు బంద్ చేయించిన, పసుపు నీళ్లే తాపుతున్న. ఇంట్ల పసుపుండంగ అన్ని పైసలెందుకు?"

ఆ పిల్ల పూర్తిగా నా వైపు తిరిగింది. "మా గిన్నెకు కడుపుంటదా? మేం నేరుగా కణం మీదనే పోస్తం. మీ ఆయన తాగింది అరిగి, కరిగి, ఎంత మిగుల్తదో తెలుసా? డాక్టరుకు చెప్పిండ్రా? మీరే చంపుకుంటున్నరు ఆయనను!"

బస్సులో తలలన్నీ మా వైపు తిరిగాయి.

"నీ అమ్మమ్మ ఈడుదాన్ని. నోరు జర అదుపుల పెట్టుకో!" అని లేచి, హైటెక్ సిటీ దాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

ఆ పిల్ల మీద కోపం నాకు ఇప్పటికీ ఉంది. మరునాడు పొద్దున ముసలాయన పసుపు నీళ్ల కోసం చెయ్యి చాపితే గ్లాసు ఇవ్వలేదు. "దవాఖానకు పోదాం, చెప్పులేసుకో," అన్నాను.

నేను తలుపుకు తాళం వేసేసరికి ఆయన అప్పటికే చెప్పులేసుకుని వీధిలో నిలబడి ఉన్నాడు.