యీషున్‌లో మూడు కుండీల మీద మంచు

టోవా పాయో మార్కెట్‌లో చేపలమ్మే మనిషి పొద్దున్నే పార నిండా మంచుపొడి తీసి చందువల మీద చల్లుతాడు. ఆ చప్పుడు, దాంతోపాటు లేచే చల్లటి నీచువాసన తగలగానే నేను కొనాల్సింది మరిచిపోయి కాసేపు నిలబడిపోతాను. సింగపూర్‌లో మంచు కురవదు. కానీ ఒక డిసెంబరు ఉదయం యీషున్‌లో మా వరండాలో కురిసింది. వానాకాలపు మసక వెలుతురులో పక్క ఫ్లాట్ ఖాదర్ అంకుల్ స్టూలెక్కి, థర్మోకోల్ డబ్బాలోంచి మంచు గుప్పెళ్లతో తీసి, పిండి జల్లెడలో వేసి, తన కూరగాయల కుండీల మీద మెల్లగా జల్లించారు. క్యారెట్ ఆకుల మీద అది తెల్లగా నిలిచింది, మహా అయితే ఒక నిమిషం. ఆలోపే చేపల వాసన పట్టి కింది అంతస్తు పిల్లులు రెండు మెట్లెక్కి వచ్చి కుండీల అంచులు నాకడం మొదలుపెట్టాయి. క్యారెట్ కుండీలు మొత్తం ఆరు. మంచు మాత్రం మూడింటి మీదే పడింది. పక్కదాని మీద పొరపాటున ఒక పలుకు రాలితే అంకుల్ స్టూలు దిగి దాన్ని వేలితో తీసేశారు.

అది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్ల తేదీలు తప్పిపోతాయని ప్రపంచమంతా కంగారుపడుతున్న రోజులవి. నేను హైదరాబాదులో దినపత్రిక డెస్కు ఉద్యోగం వదిలి, సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాసే పనికి సింగపూర్ వచ్చాను. పక్క ఫ్లాట్‌లో ఖాదర్ అంకుల్, మెహరున్నీసా ఆంటీ. ఇద్దరిదీ హైదరాబాదే. వాళ్లలో వాళ్లు దక్కనీ ఉర్దూలో, నాతో తెలుగులో మాట్లాడేవారు. అంకుల్ చేపలు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో మెకానిక్. పగలంతా స్వెట్టరు వేసుకుని చలిలో పనిచేసి, సాయంత్రం బనీనుతో వరండాలో గోంగూరకి, పుదీనాకి, పచ్చిమిరపకి నీళ్లు పోసేవారు. నేను పత్రికలో పనిచేశానని తెలిసిన రోజు నుంచి నన్ను 'అఖ్బార్ సాబ్' అనే పిలిచారు. ఉర్దూలో పత్రిక దొరగారు అన్నమాట. అందులో గౌరవం ఎంతో, వేళాకోళం ఎంతో నేనెప్పుడూ తేల్చుకోలేకపోయాను.

ఒకరోజు వాళ్లింట్లో టీ తాగుతుంటే టీవీలో ఎక్కడో చలికాలపు తొలి మంచు చూపించారు. ఎవరిదో పెరడు, క్యాబేజీ మడి, దాని మీద తెల్లగా పేరుకుపోతున్న మంచు. అంకుల్ కప్పు కింద పెట్టి నావైపు తిరిగారు.

"అఖ్బార్ సాబ్, మంచు వడ్డంక ఆ కూరలు సస్తయా, పండుకుంటయా?"

పంటలకు తీవ్ర నష్టం వాటిల్లుతుందని చెప్పాను. అచ్చం అవే మాటలు.

"నువ్వు జూసినవా?"

"చూడలేదంకుల్. రాశాను."

ఎన్నిసార్లు రాశానని అడిగారు. ఏటా చలికాలంలో ఏజెన్సీల నుంచి వచ్చే వార్తలు తర్జుమా చేసేవాణ్ణి, యాభైసార్లు రాసి ఉంటానన్నాను. ఆయన వంటింటివైపు తిరిగి, నాకూ తెలియాలని తెలుగులోనే, "ఇన్నవా, ఈయన జూడకుండనే యాభైసార్లు మంచు కురిపిచ్చిండట" అన్నారు. లోపల ఆంటీ నవ్వడం వినపడింది. నాకు మాత్రం ఆ ప్రశ్న ముల్లులా దిగింది. పదేళ్లు వార్తలు రాసినవాణ్ణి ఆ మాట అంతకుముందు ఎవరూ అడగలేదు.

ఆయన ఊరికే అడగలేదని తరవాత తెలిసింది. ఆంటీ పుట్టింటివాళ్లకు హైదరాబాదు అంచున కొంచెం పొలం ఉండేది. అందులో ఎర్ర క్యారెట్ పండించేవారు. ఆంటీ దాన్ని గాజర్ అనేది. ప్రతి చలికాలం కొన్ని మొక్కలు తవ్వకుండా వదిలేసి, ఎండాకాలం మొదట్లో అవి పూస్తే విత్తనం తీసుకునేవారట. ఆ విత్తనం చిటికెడు తెచ్చి ఆంటీ ఇక్కడ కుండీల్లో చల్లింది. అవి మొలిచి ఆకులేస్తున్నప్పుడే కబురొచ్చింది, తమ్ముళ్లు పొలం అమ్మేశారని, అక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీ భవనం లేస్తోందని. విత్తనం సంగతి అడిగితే ఎవరూ దాచలేదన్నారు. అంటే ఆ గాజర్ భూమ్మీద మిగిలింది మా వరండాలోని ఆరు కుండీల్లోనే. ఇక్కడేమో చలి లేదు. చలి తగలకపోతే పువ్వు రాదు, పువ్వు రాకపోతే విత్తనం లేదు. కుండీలు ఫ్రిజ్‌లో పెడదామని అంకుల్ అంటే, కదిలిస్తే ఉన్నవి కూడా పోతాయని ఆంటీ ఒప్పుకోలేదు. అప్పుడు ఆయనకి తన కోల్డ్ స్టోరేజీలో గొట్టాల మీద రోజూ గీకి పారేసే మంచు గుర్తొచ్చింది. మేనేజరును అడిగి రోజుకొక డబ్బా తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

మూడు కుండీలకే పోస్తానన్నప్పుడు ఆంటీ గట్టిగానే తగవు పెట్టుకుంది. అన్నింటికీ పొయ్యమంది. తనకి విత్తనం కావాలి, పరీక్షలు కాదు. "అన్నిటికి వోస్తే, పూసింది మంచుకా ఇంకోదానికా అని ఎట్ల దెలుస్తది?" అన్నారు అంకుల్ నావైపు తిరిగి. ఈ ఏడు విత్తనం వచ్చినా, వచ్చే ఏడు మళ్లీ ఎలా తెప్పించాలో తెలియాలి కదా అని ఆయన వాదన. ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది. చివరికి మూడింటికే అయింది. డిసెంబరు, జనవరి, రోజూ ఉదయం మంచు. మెకానిక్ కాబట్టి నోటుబుక్కు ఉండేది. కుండీకొక వరస, మట్టిలో థర్మామీటరు గుచ్చి లెక్క.

ఫిబ్రవరిలో వాళ్లు వారం రోజులు మలేసియాలోని జొహోర్‌లో కూతురింటికి వెళ్తూ నీళ్లు పొయ్యమని నాకు చెప్పారు. మూడో రోజు బ్లాకుకు రంగులేసేవాళ్లు వచ్చి వరండా ఖాళీ చెయ్యమన్నారు. నేను ఆరు కుండీలూ జాగ్రత్తగా, ఒక్క ఆకు విరగకుండా, మా ఇంట్లోకి చేర్చాను. రంగు ఆరాక తిరిగి పెట్టాను. ఎంత బాగా కాపాడానో చూపిద్దామని వాళ్ల కోసం ఎదురుచూశాను కూడా. అంకుల్ వచ్చి కుండీలను చూడలేదు, గోడను చూశారు. మంచు పోసే కుండీల వెనక గోడమీద ఆయన సుద్దతో గీతలు గీసుకున్నారు. యంత్రాల దగ్గర వాళ్లకి అదే అలవాటట, గుర్తు సామాను మీద కాదు, దాని చోటు మీద పెడతారు. గోడ ఇప్పుడు కొత్తగా, తెల్లగా ఉంది. కుండీలన్నీ ఒకే రకం. ఏ మూడింటికి మంచు పోశారో ఇక చెప్పే గుర్తు లేదు. అంకుల్ స్టూలు తీసుకెళ్లి లోపల పెట్టేశారు.

మార్చిలో ఒక మొక్క కాడ వేసింది. గొడుగులా విచ్చుకున్న చిన్న చిన్న తెల్లపూలు. ఒక్క మొక్కే. ఆంటీ దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. అంకుల్ నోటుబుక్కు పట్టుకుని నన్ను పిలిచి, ఇది ఏ కుండీ అని అడిగారు. ఆంటీ తలెత్తి నావైపు చూసింది. ఆమెకేం కావాలో నాకు తెలుసు. ఖాళీ ఉన్నచోట సరిపోయే మాట పెట్టడం నాకు వృత్తి నేర్పిన విద్య.

"మంచు పోసిందే అనుకుంటానంకుల్."

"అనుకుంటున్నవా, జూసినవా?"

చూడలేదన్నాను. ఏ కుండీ ఎక్కడినుంచి తీశానో గుర్తులేదన్నాను. ఆయన తలూపి, ఉర్దూలో ఒక్క ముక్క రాసుకున్నారు. ఏం రాశారని అడిగితే ఆంటీ చదివి చెప్పింది: "తెల్వది అని రాసిండు." పువ్వు మీంచి చూపు తిప్పకుండా, "అబద్ధమన్న జెప్పకపోతివి బేటా, నాకు ధైర్నంగుండేది" అంది.

ఆ రోజు తరవాత నేను రాసిన ప్రతి వాక్యం దగ్గరా ఆ నోటుబుక్కు పేజీ కనబడుతుంది. ఉద్యోగంలో పుస్తకాలు రాసేటప్పుడు, ఏ బొత్తం నొక్కితే ఏమవుతుందో నొక్కి చూడకుండా రాయడం మానేశాను. నా చేతి కింద పనిచేసిన కుర్రకారులో నేను విసిగించే మనిషినని పేరొచ్చింది. తెలియని చోట తెలియదని రాసి వదిలేయడానికి ఎంత నిబ్బరం కావాలో, రెండు నెలల పరీక్షను పాడుచేసినవాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని ఆ మాట రాసుకున్న మనిషి దగ్గర చూశాను.

ఆ పువ్వు నుంచి ఆంటీకి అరచేతిలో పట్టేన్ని విత్తనాలు వచ్చాయి. సగం నాటనిచ్చింది, సగం కాటుక డబ్బాలో దాచుకుంది. మరుసటి డిసెంబరులో అంకుల్ ఈసారి కుండీల మీదే రంగుతో గుర్తులు పెట్టి, మళ్లీ మూడింటికే మంచు పోశారు. నేను కూడా రోజూ నిలబడి చూశాను. మంచు పడినవీ పూయలేదు, పడనివీ పూయలేదు. ఆయన పని మానుకున్నాక ఇద్దరూ హైదరాబాదు వెళ్లిపోయారు, ఆ కాటుక డబ్బాను ఆంటీ తన చేతిసంచిలో పెట్టుకుంది. కొన్నేళ్లకు అంకుల్ పోయారని తెలిసి పరామర్శకు ఫోను చేశాను. ఆంటీ చాలాసేపు మాట్లాడింది, ఆయన గురించి, మోకాళ్ల నొప్పుల గురించి. విత్తనాల సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు, ఆమె ఎత్తలేదు. అవి ఏ చలికాలమైనా మట్టిలో పడ్డాయో, ఆ డబ్బాలోనే ఉండిపోయాయో నాకు తెలియదు.