నేను తెలుగులో చెప్పిన మాట

గురుగ్రామ్‌లో నేనుండేది పద్నాలుగో అంతస్తులో, ఒక్కదాన్నే. ఒక కంపెనీలో హెచ్.ఆర్. విభాగంలో పని చేస్తాను. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషు. క్యాబ్ డ్రైవరుతో, వంట చేసే దీదీతో హిందీ. తెలుగు మాట్లాడాలంటే ఎవరికైనా ఫోను చెయ్యాలి. ఫోను చెయ్యాలంటే ఏదో ఒక కారణం ఉండాలి. నలభై దాటాక, అందులోనూ భర్తతో విడిపోయాక, కారణం లేకుండా ఫోను చేసుకునే మనుషులు తగ్గిపోతారు. శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి తలుపు వేసుకుంటే సోమవారం పొద్దున్న దాకా నోరు తెరవని వారాంతాలు నాకు చాలానే ఉన్నాయి.

అలాంటి ఒక వారాంతంలో మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, వాట్సాప్‌లో గృహప్రవేశం కార్డు పంపింది. విశాఖపట్నంలో కొత్త ఫ్లాటు. కార్డు కింద నాకంటూ ఒక్క మాటా రాయలేదు. అందరికీ పంపినట్టే నాకూ పంపింది. అయినా ఆ మధ్యాహ్నమే టికెట్టు కొనేశాను. వస్తున్నానని చెప్పలేదు. చెబితే, "అంత దూరం నుంచి ఎందుకే, ఎండలు కూడాను" అంటుందేమోనని భయం.

నిరుడు మే నెల. పదకొండు గంటల విమానం. నాది నడవ పక్క సీటు. మధ్య సీటులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకమ్మాయి కూర్చుంది. దాదాపు అందరూ ఎక్కేశాక అరవై ఏళ్ళ మనిషి ఒకాయన గుడ్డ సంచి గుండెకు హత్తుకుని, ఒక్కో వరుసా చూసుకుంటూ వచ్చాడు. నా దగ్గర ఆగి బోర్డింగ్ పాస్ చాపి, తనలో తనే, "ఏటో, ఈ నంబరు ఎక్కడుందో" అన్నాడు.

ఆ "ఏటో" వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా విజయనగరం మాట అది.

"ఇదే బాబాయ్, కిటికీ పక్కది మీదే. రండి" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "తెలుగోరా అమ్మా!" అంటూ మమ్మల్ని దాటుకుని వెళ్ళి కూర్చున్నాడు. సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక తికమకపడుతుంటే మధ్యలో అమ్మాయి మీదుగా వంగి నేనే పెట్టాను. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కలెక్టరు పరీక్షలకు చదివే తెలుగు పిల్లలకు మెస్సులో వంట చేస్తాడట. ఢిల్లీ వచ్చి ఎనిమిది నెలలైంది. విమానం ఎక్కడం ఇదే మొదలు. ఆ పిల్లలే తలా కొంత వేసుకుని టికెట్టు తీసిచ్చారని చెప్పాడు. తప్పు టెర్మినల్‌కి వెళ్ళి, అక్కణ్ణుంచి పరుగు పరుగున వచ్చాడట.

"ఇంటికాడ పని పడిందమ్మా. బేగి ఎల్లాలి" అన్నాడు.

ఏం పని అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. నేనైతే ఆ మాటల ధ్యాసలోనే ఉన్నాను, అర్థం పట్టించుకోలేదు. త్వరగా అనడానికి బేగి అనే మాట విని ఎన్నాళ్ళయిందో!

అంతలో ల్యాప్‌టాప్ బ్యాగుతో ఒకాయన వచ్చి మా వరుస దగ్గర నిలబడ్డాడు. ఆయన చేతిలో పాస్ మీదా అదే కిటికీ సీటు. ఎయిర్‌హోస్టెస్ రెండు పాస్‌లూ చూసి ముందుకు వెళ్ళింది. కాసేపటికి మైకులో ప్రకటన వచ్చింది, ముందు ఇంగ్లీషులో, తర్వాత హిందీలో. ఉన్న సీట్ల కంటే టికెట్లు ఎక్కువ ఇచ్చారని, ఎవరైనా ఒకరు తమంతట తాము దిగితే తర్వాతి విమానంలో పంపుతామని, పరిహారం కూడా ఇస్తామని. అందరూ ఫోన్లలోకి తల వంచారు. నేనూ వంచాను.

రెండోసారి ప్రకటించారు. ఎవరూ లేవలేదు. అప్పుడు చేతిలో వాకీటాకీ పట్టుకుని ఎయిర్‌లైన్ సూపర్‌వైజరు లోపలికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. చెమట పట్టి, బాగా అలిసిపోయి ఉంది. చివరగా చెక్-ఇన్ అయిన ప్రయాణికుడు దిగాలని, అది ఈ పెద్దాయనేనని చెప్పింది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వుతూ తన పాస్ మళ్ళీ చూపించాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరిద్దరూ కలిసి వచ్చారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"లేదు" అన్నాను. ఆ లేదు ఎంత గబుక్కున వచ్చిందో నాకిప్పటికీ గుర్తే.

"ఆయన భాష మీకు వచ్చు కదా. కొంచెం చెప్పండి ప్లీజ్. తర్వాతి ఫ్లైట్‌లో పంపిస్తాం."

నా ఉద్యోగంలో నేను చేసే పనుల్లో ఒకటుంది. ఎవరినైనా తీసేయాలనుకున్నప్పుడు ఆ సంగతి గదిలో కూర్చోబెట్టి చెప్పేది నేనే. దానికొక గొంతు ఉంటుంది. తొందర లేకుండా, మెత్తగా, ఎదుటి మనిషి వైపే ఉన్నట్టు వినబడే గొంతు. ఆ రోజు నాకు తెలియకుండానే అదే గొంతు వచ్చింది, తెలుగులో.

"బాబాయ్, సీట్లు తక్కువయ్యాయట. మిమ్మల్ని దిగమంటున్నారు. భయమేం లేదు, సాయంత్రం ఫ్లైట్‌లో పంపించేస్తారు."

సాయంత్రం అని ఆవిడ అనలేదు. తర్వాతి ఫ్లైట్ అంది, అంతే. సాయంత్రం నేను కలిపాను. అలా అంటే సులువుగా ఒప్పుకుంటాడనిపించింది.

ఆయన నా కళ్ళలోకి చూశాడు. "సాయంత్రానికి ఎల్లిపోతానా? చీకటి పడక ముందా?"

"వెళ్ళిపోతారు."

"మీరు దిగమంటారా అమ్మా?"

"దిగండి బాబాయ్."

ఆయన సంచి తీసుకుని లేచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. సూపర్‌వైజరు నాకు థాంక్స్ చెప్పింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

తలుపు దాకా వెళ్ళి ఆయన ఆగాడు. తనకొచ్చిన రెండు హిందీ ముక్కలతో ఏదో అడిగినట్టున్నాడు. అక్కడున్న ఉద్యోగి, "కల్ సుబహ్ అంకుల్, కల్ సుబహ్" అనడం నాకు వినబడింది. రేపు పొద్దున్న. ఆ ముక్క ఆయనకు తెలుసు. గిరుక్కున తిరిగి నడవలో నా దగ్గరికే వచ్చాడు.

"అమ్మా, రేపంటన్నారేటి! సాయంత్రమన్నారు కదా మీరు. చెప్పండమ్మా ఆళ్ళకి. రేపైతే నా పని అవదు, చెప్పండి."

నేను సూపర్‌వైజరు వైపు చూశాను. ఆవిడ ఈరోజు ఇంకే ఫ్లైట్‌లోనూ చోటు లేదంది. కిటికీ సీటులో అప్పటికే ల్యాప్‌టాప్ ఆయన కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. వెనక నుంచి ఎవరో, "అంకుల్ జీ, ఉతర్ జాయియే నా, సబ్‌కో దేర్ హో రహీ హై" అని అరిచారు, దిగిపోమని, అందరికీ ఆలస్యమవుతోందని. ముసలాయన నా సీటు వెనక భాగం రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఎంత చెప్పినా కదల్లేదు. సెక్యూరిటీ వాళ్ళు ఇద్దరొచ్చారు. ముందు మర్యాదగానే చెప్పారు. తర్వాత చెరో రెక్కా పట్టుకున్నారు. ఒకడు సీటు మీద నుంచి ఆయన వేళ్ళు ఒక్కొక్కటిగా ఊడదీశాడు. ఆ వేళ్ళు నా భుజానికి తగులుతున్నాయి. ఆయన అరవలేదు, తిట్టలేదు. "అమ్మా, చెప్పండమ్మా, చెప్పండమ్మా" అని మాత్రం అంటూ ఉన్నాడు. కాళ్ళు నేల మీద ఈడుస్తుంటే ఒక చెప్పు ఊడి నడవలో పడింది. ఎయిర్‌హోస్టెస్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెనకాలే తీసుకెళ్ళింది. పది పదిహేను ఫోన్లు ఆ దృశ్యాన్ని రికార్డు చేస్తున్నాయి.

నేను లేవలేదు. లేచి "నేను దిగుతాను, ఆయన్ని ఉంచండి" అనడానికి ఒక్క నిమిషం చాలు. గృహప్రవేశం మర్నాడు పొద్దున్న. నేను వెళ్ళకపోయినా ఎవరూ అడగరు. ఇవన్నీ అప్పుడే నాకు తెలుసు. తెలిసీ కూర్చున్నాను. తలుపులు మూశారు. విమానం కదిలింది. మధ్య సీటు అమ్మాయి ఇయర్‌ఫోను ఒకటి తీసి, "క్యా హువా థా?" అని, ఏం జరిగిందని అడిగింది.

గృహప్రవేశంలో మా అక్క నన్ను చూసి, "ఓసి, నువ్వొచ్చావా! చెప్పనేలేదే" అంది. అని, పురోహితుడు పిలుస్తుంటే వెళ్ళిపోయింది. నేను పులిహోర తిన్నాను, చీర పెడితే తీసుకున్నాను. ఎవరికీ విమానం సంగతి చెప్పలేదు. చెప్పడం మొదలుపెడితే చివరిదాకా చెప్పాల్సి వస్తుంది.

గురుగ్రామ్ వచ్చాక విమానసంస్థకు ఫిర్యాదు రాశాను. మీ అభిప్రాయం మాకు విలువైనది, ఇతర ప్రయాణికుల వివరాలు ఇవ్వలేము అని జవాబొచ్చింది. సాయంత్రం అని నేను కలిపిన సంగతి నా ఫిర్యాదులో లేదు. అది గమనించాక మళ్ళీ రాయలేకపోయాను.

జూలైలో ఒక ఆదివారం మెట్రో ఎక్కి ఓల్డ్ రాజిందర్ నగర్ వెళ్ళాను. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య తెలుగులో రాసిన మెస్సు బోర్డులు వెతుక్కుంటూ తిరిగాను. మూడో మెస్సులో, మేడ మెట్ల కింద వంటగదిలో, ఆయన నిలబడి అన్నం వారుస్తున్నాడు. నన్ను చూసి వెంటనే గుర్తుపట్టాడు.

"రండమ్మా, కూకోండి. భోంచేస్తారా?" అన్నాడు, ఏమీ జరగనట్టు.

పిల్లల భోజనాలయ్యాక వచ్చి నా ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. "ఆ రోజు ఏం పని మీద వెళ్తున్నారు బాబాయ్?" అని అడిగాను. అడగాల్సిన రోజు అడగని మాట.

"మా అప్ప పోయిందమ్మా."

అప్ప అంటే మా వైపు అక్క. తల్లి చచ్చిపోతే ఆ అక్కే ఈయన్ని పెంచిందట. తమ్ముడొస్తాడని సాయంత్రం దాకా ఉంచారు. ఎండలకి ఇంక ఆగలేక పొద్దుగూకే వేళకి తీసుకెళ్ళిపోయారు. ఈయన మర్నాడు మధ్యాహ్నానికి చేరాడు.

"కొరివి మా మేనల్లుడే పెట్టాడు, అదేటీ లేదు. ముఖం ఒక్కసారి చూద్దారనుకున్నాను" అన్నాడు.

తర్వాత లేచి వెళ్ళి ఒక కవరు తెచ్చాడు. మెస్సు పిల్లలు ఆయన తరఫున ఫిర్యాదు చేస్తే వచ్చిన ఉత్తరం. ఇంగ్లీషులో ఉంది. "ఆళ్ళు సారీ అన్నారని పిల్లలు చెప్పారు. మొత్తం ఏటుందో మీరు చదివి చెప్పండమ్మా" అన్నాడు.

చదివాను. ఒక్కో వాక్యం తెలుగులోకి మార్చి చెప్పాను. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. నిబంధనల ప్రకారమే నడుచుకున్నాం. ప్రయాణికుల భద్రతే మాకు ముఖ్యం. మళ్ళీ మా విమానంలో మిమ్మల్ని ఆహ్వానించే అవకాశం కోసం ఎదురుచూస్తున్నాం. ఆయన తల పక్కకు వంచి శ్రద్ధగా విన్నాడు. నేను గౌరవంగా, మెల్లగా చెబుతున్నాను. మధ్యలో ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఇది మీరు చెప్తన్నారా అమ్మా, ఆళ్ళు చెప్తన్నారా?"

ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టాను. "వాళ్ళు చెప్పేది ఇంతే. ఇప్పుడు నేను చెప్పేది ఒకటుంది బాబాయ్. ఆ రోజు సాయంత్రం అని వాళ్ళు అనలేదు. నేనే అన్నాను."

పైన గదిలో ఎవరో పిల్లవాడు పాఠం గట్టిగా చదువుకుంటున్నాడు.

"ఎందుకన్నారమ్మా?"

"త్వరగా దిగుతారని."

"మీరు తెలుగులో చెప్పారనే దిగాను" అన్నాడు. కోపంగా కాదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. నేను క్షమించమని అడిగాను. అడిగేటప్పుడు ఆ ఆఫీసు గొంతు రాలేదు. ఆయన కండువాతో మొహం తుడుచుకుని, "మీరేటి పని మీద ఎల్లారమ్మా ఆ రోజు?" అని అడిగాడు.

"మా అక్క వాళ్ళ గృహప్రవేశం."

"బాగా జరిగిందా?"

"జరిగింది."

"మంచిది" అని లేచి వంటగదిలోకి వెళ్ళాడు. రాత్రి కూరకు వంకాయలు తరగాలట. నేను ఇంకా కాసేపు కూర్చున్నాను, మళ్ళీ వస్తాడేమోనని. లోపల కత్తిపీట చప్పుడు మొదలైంది. సాయం చేస్తానని అడగాలనిపించింది. అడగలేదు.

రాజీవ్ చౌక్‌లో మెట్రో మారేటప్పుడు జనం తోపులాట. ఆదివారం సాయంత్రం సరోజినీ నగర్ నుంచి బట్టల సంచులతో తిరిగొచ్చే కుటుంబాలు, ఒకరి మీద ఒకరు పడుతూ నవ్వుకుంటున్న కాలేజీ పిల్లలు. గురుగ్రామ్ దాకా నిలబడే వెళ్ళాను. ఫ్లాటుకి వచ్చాక మా అక్కకి ఫోను చేసి, కారణం లేకుండానే, జరిగిందంతా మొదటి నుంచి చెప్పాలనుకున్నాను. మోగి మోగి ఆగిపోయింది. పొద్దున్న మెసేజ్ వచ్చింది: "ఏమైనా పనా?"

ఏం లేదక్కా అని రాశాను.