రేష్మ పట్టుకొచ్చిన పదిహేడు ఫారాలు

గొర్రెలు కాసే వెంకటప్ప కూతురు నేపాలుకు పోతోందన్న మాట 2007 నవంబరులో ఊరంతా పాకింది. పెనుకొండకు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరది. ఆ పిల్ల పేరు రేష్మ. ఊరి బడి ఏడో తరగతి దాకే కాబట్టి, ఎనిమిది నుంచి పది దాకా రోజూ పెనుకొండకు నడిచి చదివింది. డిగ్రీ హిందూపురంలో పూర్తిచేసి, అనంతపురంలో సోషల్ వర్క్ పీజీలో చేరింది. నేపాల్లో ఎన్నికలు రాబోతున్నాయి. తొలిసారి ఓటు వేసే యువతకు ఓటు సంగతులు చెప్పే ఒక సంస్థలో మూడు నెలలు పనిచేయడానికి కాలేజీవాళ్లు ఆమెను ఎంపిక చేశారు.

"పాస్‌పోర్టు గూడా అడగని దేశం అదేం ఫారినబ్బా!" అని టీ అంగడి దగ్గర పుల్లన్న ఎగతాళి చేశాడు.

పాస్‌పోర్టు అక్కర్లేని మాట నిజమే. ఓటరు కార్డు చాలు. దాని నకలు జనవరి పదో తేదీలోగా కాలేజీకి చేరాలి. రేష్మకు లేనిది ఆ కార్డే.

ఊరి బడిలో సైన్సు చెప్పే ప్రేమ్ కుమార్ దగ్గరికి ఆమె ఓటర్ల జాబితా పట్టుకుని వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి ఆ జాబితా రాసింది అతనే. ఆ పొద్దు అతను సగం నిద్రలో ఉన్నాడు. ఆరు నెలల కూతురికి ఒళ్లు కాస్త వెచ్చబడిందని తెల్లవార్లూ థర్మామీటరు పట్టుకుని కూర్చున్నాడు.

"సార్, దీంట్లో మా తమ్ముడు ఉమేషు పేరుండాది. నా పేరు లేదు. వాడు నాకన్నా రెండేండ్లు చిన్నోడు సార్."

ప్రేమ్ కుమార్‌కు గుర్తొచ్చింది. వెంకటప్ప వాకిట్లో నిలబడి ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే, "ఆయమ్మి ఉండాది లే సార్. రేపు పెండ్లయితే అత్తగారూర్లో రాసుకుంటారు. ఈడ రాసేది, మళ్లా కొట్టేసేది, మీకెందుకు రెండు పనులు" అన్నాడు. సబబుగానే తోచింది. ప్రతి ఇంట్లోనూ అదే మాట, అతనిదీ అదే తలూపు. ఇప్పుడు చివరి పేజీ తిప్పి చూశాడు. మగవాళ్లు 431, ఆడవాళ్లు 352. క్లాసులో ఏ పిల్లవాడైనా ఇంత తేడాతో కొలతలు తెస్తే ప్రయోగం మళ్లీ చేయమనేవాడు. తన కొలతను మాత్రం రెండోసారి చూసుకోలేదు.

"దరఖాస్తుకు ఇంకా నాలుగు రోజులు గడువుంది. నీ ఫారం ఇప్పుడే నింపుదాం" అన్నాడు.

"ఇంకొన్ని ఇవ్వండి సార్" అని రేష్మ కట్ట తీసుకుని వెళ్లింది.

ముందు నాయన దగ్గరే మొదలుపెట్టింది.

"ఊర్లోళ్లకు ఓటు నేర్పేకి పోతాండావు, నీకెందుకు మ్మే ఓటు?" అన్నాడు వెంకటప్ప.

"రేపు సంతలో అమ్మేసే పొట్టేలిని గూడా పొద్దుగూకితే లెక్కబెట్టి దొడ్లోకి తోల్తావే. పోయేదే గదా అని ఒక్కదాన్నన్నా లెక్క తప్పిస్తివా నాయనా? మరి నన్నెందుకు తప్పిస్తివి?"

లోపల రొట్టెలు కొడుతున్న తల్లి ఉలిగమ్మ పకపకా నవ్వింది. "చెప్పు, ఇప్పుడు చెప్పు!" వెంకటప్ప ఇంటి పెద్దగా ఫారం మీద వేలిముద్ర వేశాడు.

నాలుగో రోజు రేష్మ తనదీ, జాబితాలో పేరు లేని ఇంకో పదహారు మంది ఆడపిల్లలవీ కలిపి పదిహేడు ఫారాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ప్రేమ్ కుమార్ వాటిని రెండుసార్లు లెక్కపెట్టాడు. ఒకే ఊరి నుంచి పదిహేడు మంది ఒక్కసారి బయటపడితే ఎమ్మార్వో అడిగేది జాబితా రాసినవాడినే. ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా కాలేదు. ఇంట్లో పసిబిడ్డ.

"నీదొక్కటి ఇద్దాం రేష్మా. నీ ప్రయాణం ఆగకూడదు. తక్కినవి వచ్చే ఏడాది చూద్దాం."

"అట్లయితే నాది గూడా వచ్చే ఏడాదే ఇయ్యండి సార్."

"నేపాలు పోతుంది!"

"పోనీ సార్. ఆడికి పోయి ఎవురి పేరూ వదలొద్దని చెప్పల్ల నేను. ఈడ పదహారు మందిని వదిలేసి, ఏ మొగం పెట్టుకుని చెప్పేది?"

గొంతులో కోపం లేదు, బతిమాలడం లేదు. ఆ నేపాలు కోసం ఆమె రెండు పరీక్షలు రాసి, ముగ్గురి ముందు ఇంటర్వ్యూకు కూర్చుందని అతనికి తెలుసు. పెన్ను తీశాడు. ఒక్కో ఫారం చదివి, విచారించానని రాసి, పదిహేడు సంతకాలూ పెట్టాడు.

పెనుకొండ ఆఫీసులో అనుకున్నంతా జరిగింది. "ఏమప్పా సైన్సు మాస్టరూ, నీ కండ్లకు ఆడపిల్లలు ఆనరా?" అన్నాడు ఎమ్మార్వో అందరి ముందూ. "తప్పు నాదే సార్" అన్నాడు ప్రేమ్ కుమార్. వారంలో మెమో వచ్చింది. ఆ జవాబే కాగితం మీద కూడా రాసిచ్చాడు.

డిసెంబరులో ఫొటోలు తీసే రోజున పదిహేడు మందీ ఆ పొద్దు పనులు మానుకుని పెనుకొండకు పోయారు. వాళ్లలో బాలమ్మ కూతురికి మార్చిలో పెళ్లి, తాడిమర్రి సంబంధం. "మార్చి దాకా నేను ఈ ఊరిదాన్నే గదా" అని తల దువ్వుకుని కెమెరా ముందు కూర్చుంది.

కార్డులు జనవరి ఎనిమిదిన వచ్చాయి. రేష్మ ఫొటోలో కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. తొమ్మిదో తేదీ పొద్దున్నే మొదటి బస్సెక్కి అనంతపురం పోయి, నకలు తన చేత్తోనే ఇచ్చింది. నెలాఖరులో ధర్మవరంలో రైలెక్కింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ప్రేమ్ కుమార్ సెల్లు మోగింది. నేపాలు నుంచి రేష్మ.

"మొదటి రోజే ఒక పిల్ల అడిగింది సార్, మీరెన్నిసార్లు ఓటేశారని. ఇంగా ఒక్కసారి గూడా వేయలేదు, పేరు పోయిన నెల్లోనే ఎక్కిందని చెప్పినా. అంతా నవ్విరి. ఎందుకు అంత లేటని అడిగితే మన ఊరి కత మొత్తం చెప్పినా. మీ గురించి గూడా."

"ఏమని? పేర్లు వదిలేసిన సారనా?"

"అదీ చెప్పినా సార్" అంది రేష్మ. "పదిహేడు సంతకాలు పెట్టిన సారని గూడా చెప్పినా."